పైకి చెప్పుకోలేని జబ్బు

ఆ ఆదివారం మా చర్చిలో ప్రభు సంస్కారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. అలాంటి రోజు ఆడవాళ్ళమంతా తెల్ల చీరలు కట్టుకుని వెళ్తాం. చివరి ప్రార్థన అయిపోయి అందరూ లేస్తుంటే నేనూ లేవబోయాను. కింద తడిగా తగిలింది. ముట్లు ఆగిపోయి అప్పటికే నాలుగేళ్ళు దాటిన మనిషిని. చాప మీద చెయ్యి పెట్టి చూసుకుంటే వేళ్ళకి ఎర్రగా అంటింది.

నేను లేవలేదు. ఇంకా ప్రార్థన చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నాను. అందరూ వెళ్ళిపోతే చాప చుట్టేసి ఇంటికి పట్టుకుపోదామని నా ఆలోచన. కానీ మా ఊళ్ళో ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు అంత తొందరగా కదలరు. వాళ్ళ కబుర్లన్నీ అప్పుడే.

నా వెనక వరసలో మా తోటికోడలు కూర్చుని ఉంది, మా ఆయన అన్నగారి భార్య. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. ఆ గోడ మీద నుంచి కారే వాన నీళ్ళు ఎటు పోవాలి అన్న దగ్గర ఇద్దరికీ తగువొచ్చి, అది చచ్చినవాళ్ళను తిట్టుకునేదాకా పోయి, కొన్నేళ్ళుగా మాటలు లేవు. ఆ మనిషి లేచి వచ్చి నా వెనక నిలబడింది. నేను లేచాను. తన ఒళ్ళు నా వీపుకి ఆనించినంత దగ్గరగా నడుస్తూ గుమ్మం దాటించి, మా వాకిలి దాకా వచ్చి, తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. చాప కూడా ఆమే కడిగి ఆరేసిందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నాకు ఆమె మీద కృతజ్ఞత కలగలేదు. చూడకూడనిది చూసేసిందని కోపం వచ్చింది.

నేను బట్టలు కుడతాను. అద్దంకి రోడ్డు దిగి లోపలికి వస్తే వచ్చే ఊరు మాది. ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఇంటర్ మధ్యలో ఉండగా పెళ్ళయింది. మా ఆయన పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. ఒకరోజు పనిలోనే గుండె ఆగి పోయాడు. కూతురికి పెళ్ళి చేసి కనిగిరి పంపించాను. ఇక ఇంట్లో మిగిలింది నేనూ కుట్టు మిషనూ. ఊళ్ళో ఆడవాళ్ళందరి కొలతలూ నాకు నోటికి వచ్చు. ఎవరికి ఒక భుజం కిందికి ఉంటుందో, ఎవరు చిక్కిపోయారో, ఎవరికి నెల తప్పిందో వాళ్ళ అత్తగారి కంటే ముందు నాకే తెలిసేది. కొలతలిస్తూ ఇంట్లో గొడవలన్నీ నా ముందు విప్పుకునేవాళ్ళు. నా ఒంటి సంగతి మాత్రం పురుగుకి కూడా తెలియకూడదు. అదీ నా పట్టుదల.

మొగుడున్న దానికైతే ఒక దారి. లేనిదానికి కింద జబ్బు వచ్చిందంటే జనం నోళ్ళు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు. ఇట్లాంటివి మగవాళ్ళ వల్ల వస్తాయని నా గదిలోనే కూర్చుని చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. పక్క ఊళ్ళో ఒకామె గర్భసంచి జబ్బుతో పోతే, శవం లేవకముందే ఆమె నడవడి గురించి మాట్లాడారు. కత్తెర పట్టుకుని నేనూ విన్నాను. రేపు నా గురించీ అడుగుతారు, మగదిక్కు లేనిదానికి ఎక్కడి నుంచి వచ్చింది అని. పైకి అడగకపోయినా మనసులో అనుకుంటారు. ఆ అనుకోవడమే నాకు భయం.

వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. మజ్జిగ తాగాను. ఆగినట్టే ఆగి మళ్ళీ కనిపించేది. పత్తి తీతలు మొదలయ్యేసరికి ఎరుపుతో పాటు నీళ్ళలాంటిది కూడా పోవడం మొదలైంది. దానికి వాసన. పాచిపోయిన చేపల బుట్ట దగ్గర కూర్చున్నట్టు ఉండేది. మిషను గదిలో నుంచి వసారాలోకి జరిపాను. వెలుతురు చాలట్లేదని చెప్పాను. నడుముకి పౌడరు, గదికి ఫినాయిలు. కొలతలు తీసేటప్పుడు చెయ్యి చాపినంత దూరంలో నిలబడి టేపు అందించి, "నువ్వే చుట్టుకో తల్లీ, నా నడుం వంగట్లేదు" అనేదాన్ని. మిరప కోతలు వచ్చాక కాస్త నయం. కల్లాల్లో కాయలు ఆరబోస్తే ఊరంతా ఘాటే కదా. అందరూ తుమ్ముతూ ఉండేవాళ్ళు. ఆ ఘాటులో నా వాసన ఎవరికీ తెలియట్లేదని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. అంత తెలివితక్కువ స్తోత్రం ఇంకెవరూ చెప్పి ఉండరు.

శుక్రవారం రాత్రుళ్ళు ఇళ్ళల్లో ప్రార్థన కూటం జరుగుతుంది. పాస్టరమ్మగారు ఒక్కొక్కరినీ ప్రార్థన మనవి అడుగుతారు. ఒకరు కొడుకు తాగుడు అంటారు, ఒకరు మోకాళ్ళు అంటారు, ఒకరు పొలంలో తామర పురుగు అంటారు. నా వంతు వచ్చినప్పుడల్లా తలనొప్పి అని చెప్పేదాన్ని. వారం వారం అందరూ నా తలనొప్పి కోసం గట్టిగా ప్రార్థన చేసేవాళ్ళు. అంతమంది కళ్ళు మూసుకుని నా తల కోసం దేవుడిని బతిమాలుతుంటే, ఒళ్ళు ముడుచుకుపోయి, తొడలు దగ్గరికి బిగించి కూర్చునేదాన్ని.

వాడిన గుడ్డలు ఉతకలేక దొడ్లో కాల్చేదాన్ని. ఒకరోజు తెల్లవారుతుండగా పుల్లలు పేర్చి నిప్పు పెట్టానో లేదో, గోడ అవతల నుంచి మా తోటికోడలి తల కనిపించింది. మిరప కోతకి వెళ్ళడానికి మొహానికి గుడ్డ కట్టుకుని సిద్ధంగా ఉంది. ఆ గుడ్డ కిందికి లాగింది.

"ఎన్నాళ్ళ నుంచే?" అంది.

అన్నేళ్ళ తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను మంట వైపే చూస్తున్నాను.

"ఏం లేదు. పాత గుడ్డలు."

"నన్ను కూడా మాయ చేస్తావా? చర్చిలో చూశాను. ఆడదాని ఒంట్లోది అప్పుడప్పుడూ తిరగబెడుతుందిలే, ఆగిపోయి ఉంటుందిలే అనుకున్నాను. రోజూ ఈ పొగ చూస్తున్నాను. ఈ కంపు కూడా నాకు తెలుసు. మా అమ్మ దగ్గర ఇదే కంపు."

వాళ్ళమ్మ ఆమెకి పెళ్ళికాక ముందే పోయింది. ఏ జబ్బుతో పోయిందో మాకెవరికీ చెప్పలేదు.

"ఎవరికీ చెప్పొద్దక్కా," అన్నాను.

ఆమె గోడ ఎక్కి ఇటు దూకింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఒక ఇటుక కూడా ఊడి పడింది. "చెప్పను. కానీ ఇవాళ కోతకి పోను. పద, స్నానం చెయ్యి," అంది.

మా మండలం ఆసుపత్రిలో ఆడ డాక్టరు వారానికి రెండు రోజులే వస్తుంది. అదృష్టం కొద్దీ ఆ రోజు ఉంది. వయసులో చిన్నది, మా అమ్మాయి కంటే కొంచెం పెద్దదేమో. వరసలో పాతికమంది ఉన్నారు. గదికి తలుపు ఉంది గానీ వెయ్యరు. వరసలో ముందున్నవాళ్ళు గుమ్మంలోనే నిలబడి ఉంటారు. డాక్టరు తల ఎత్తకుండా రాసుకుంటూ అడిగింది.

"భర్తతో కలిసినప్పుడు బ్లీడింగ్ అవుతుందా అమ్మా?"

"ఆయన లేరు మేడం."

"అంటే ఊళ్ళో లేరా?"

"పోయారండి."

"మరి ఈ మధ్య ఎవరితోనైనా..." అని, తన పొరపాటు తనకే తెలిసి ఆగిపోయింది. పుస్తకంలో ఉండే ప్రశ్నే అది. ఆమె అడగాల్సిందే. కానీ నా వెనక గుమ్మంలో మా ఊరి వాళ్ళే ఇద్దరు ఉన్నారు. చెవులు వేడెక్కాయి. మా తోటికోడలు వెళ్ళి తలుపు దబాలున వేసి దానికి వీపు ఆనించి నిలబడింది.

బల్ల మీద పడుకోబెట్టారు. కాళ్ళు ఎడంగా పెట్టమన్నారు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఒకడు దక్కలేదు, అయినా ఆ రెండుసార్లూ అంత సిగ్గు లేదు. కొంగు మొహం మీద కప్పుకున్నాను. డాక్టరు లైటు దగ్గరికి జరుపుకుని లోపల చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, "ముక్క తీసి పంపిస్తానమ్మా. పరీక్షలో ఏముందో చూద్దాం. గర్భసంచి ముఖద్వారం దగ్గర పుండులా ఉంది. కొంచెం ముందు రావాల్సింది," అంది.

పది రోజులకి రమ్మన్నారు. వెళ్తే రిపోర్టు రాలేదు. ఇంకో వారం అన్నారు. మళ్ళీ రాలేదు. రాకపోతే నాకు లోపల్లోపల హాయిగా ఉండేది. రిపోర్టు రాలేదంటే జబ్బు కూడా ఇంకా రానట్టేనని ఒక పిచ్చి ధీమా. మా తోటికోడలికి ఆ హాయి లేదు. మూడోసారి నన్ను ఇంట్లో పెట్టి తనొక్కతే వెళ్ళి, ఆసుపత్రిలో అడగని మనిషంటూ లేకుండా అడిగి, సాయంత్రానికి అసలు సంగతి తెలుసుకుని వచ్చింది. ముక్కలు తీసుకెళ్ళే మనిషి ఉద్యోగం మానేశాడు. కొత్తవాళ్ళు రాలేదు. నాదీ ఇంకొందరివీ సీసాలు అక్కడే, ఒక బీరువా మీదే ఉండిపోయాయి. ఇప్పుడవి పనికిరావు. మళ్ళీ తీయాలి.

"నేను రాను," అన్నాను. "చచ్చిపోతాను గానీ మళ్ళీ ఆ బల్ల మీద పడుకోను."

ఆమె అరుస్తుందనుకున్నాను. మామూలుగా ఆమెది పొలం గొంతు. ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం మిషను పక్కన కూలబడి చాలా నెమ్మదిగా చెప్పింది.

"మా అమ్మ కూడా ఇదే అందే. చస్తాను గానీ అంది. నేనే కదా కడిగేదాన్ని. చివర్లో గొడ్ల చావిట్లో మంచం వేశారు, వాసనకి. పిలిచినా ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నేనూ ఒక్కోసారి వినపడనట్టు ఉండేదాన్ని."

నేను రెండోసారి బల్ల మీద పడుకున్నాను. ఈసారి ముక్క తనే పంపించానని, తనకి తెలిసినవాళ్ళు అటు వెళ్తుంటే వాళ్ళ చేతికి ఇచ్చానని డాక్టరు ఫోన్ చేసి చెప్పింది. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది.

పెద్దాసుపత్రికి మా ఊరి నుంచి రెండు బస్సులు మారాలి. ఆ రెండో బస్సులోనే నా గుట్టు రట్టయింది. పక్క సీటావిడ ఎక్కడికని అడిగితే మా తోటికోడలు సగం బస్సుకి వినపడేలా, "మా చెల్లెలికి గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు. కరెంటు పెట్టిద్దామని తీసుకుపోతున్నా," అంది. కిటికీలోంచి దూకేద్దామనిపించింది. ఆమె కొంగు పట్టుకుని లాగాను.

"ఎవరికీ చెప్పనన్నావుగా?"

"ఊళ్ళో చెప్పనన్నాను. ఇది ఊరా?" అంది.

ఆ పక్క సీటావిడ మాత్రం మొహం తిప్పుకోలేదు. తన సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా ఒళ్ళో పెట్టింది. అవి తినాలో వద్దో తెలియక ఆసుపత్రి దాకా చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

అక్కడ పెద్ద డాక్టరమ్మ పరీక్ష చేస్తుంటే చుట్టూ చదువుకునే పిల్లలు గుంపుగా నిలబడ్డారు. ఆడపిల్లలూ ఉన్నారు, మగపిల్లలూ ఉన్నారు. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్తోంది, వాళ్ళు ఒక్కొక్కరూ వంగి చూస్తున్నారు. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషులో 'లేట్' అన్న మాట రెండు మూడుసార్లు వినపడింది. నా ఒళ్ళు నాది కాదు, ఎవరో వదిలేసి పోయిన వస్తువు అనుకుంటూ సీలింగు వైపు చూస్తూ పడుకున్నాను. అప్పుడు ఆ పిల్లల్లో ఒకమ్మాయి పక్కకి వచ్చి నా మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, "అమ్మా, ఇబ్బందిగా ఉంటే చెప్పండి, వెళ్ళిపోతాం," అంది. అట్లా అడుగుతారని కూడా నాకు తెలియదు. వెళ్ళిపోండి అందామనుకుని కూడా అనలేకపోయాను. ఏడుపు వచ్చింది. డాక్టరమ్మే వాళ్ళని బయటికి పంపేసింది.

తర్వాత కూర్చోబెట్టి చెప్పింది. "ఆపరేషన్‌తో పోయే దశ దాటిందమ్మా. పక్కలకి పాకింది. కానీ కరెంటుకి, అదే రేడియేషన్‌కి, లొంగుతుంది. వారానికోసారి మందు సెలైన్‌లో ఎక్కిస్తాం, రోజూ కరెంటు, చివర్లో లోపలి నుంచి కరెంటు. మధ్యలో మానకూడదు. ఎప్పటి నుంచి ఉంది మీకిది?"

"ఈ మధ్యే," అన్నాను.

"వానల కాలం నుంచి," అంది మా తోటికోడలు.

ఆమె ఆ మాట అనగానే డాక్టరమ్మ మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. అలసట కనిపించింది, ఆ రోజు ఆ మాట విన్నది నా ఒక్కదాని దగ్గరే కాదన్నట్టు.

కరెంటు పెట్టే మిషను ఒకటే. దానికి వరస. పేరు రాసుకున్నారు, కబురు చేస్తామన్నారు. మిరప కోతలు అయిపోయి, కల్లాలు ఖాళీ అయ్యి, లారీలు గుంటూరు యార్డుకి వెళ్ళిపోయాక గానీ కబురు రాలేదు. ఆ వారాల్లో నొప్పి కూడా మొదలైంది. కూతురికి అప్పుడు చెప్పాను. చంటిపిల్లని చంకనేసుకుని వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. "పెద్దమ్మకి చెప్పావు గానీ నాకు చెప్పలేదు," అని మాత్రం అంది. పెద్దమ్మకి కూడా నేనుగా చెప్పలేదని చెప్పే మొహం నాకు లేదు. అల్లుడి ముందు జబ్బు పేరు ఎట్లా చెప్తుందో అని మళ్ళీ అదే దిగులు.

కరెంటు మొదలయ్యాక రోజూ వెళ్ళి రావడం. ఆసుపత్రిలో పడకలు లేవు. దూరం వాళ్ళు వరండాలోనే చాపలు పరుచుకుని ఉండేవాళ్ళు. మా తోటికోడలు నాతోనే వచ్చేది. దొరికిన కూలి కూడా మానుకుని వచ్చింది. బావగారికి అన్నం వండి పెట్టి, నాకో డబ్బా కట్టుకుని వచ్చేది. కరెంటు గదిలో నొప్పేమీ ఉండదు. సిగ్గు ఒక్కటే. మగ టెక్నీషియన్లు పొత్తికడుపు మీద వేసిన గుర్తులు చూసి సరిచేసి వెళ్ళిపోతారు. వాళ్ళు నా మొహం చూసేవాళ్ళు కాదు. అది మర్యాదో అలవాటో తెలియదు గానీ నాకు మేలే.

వేచి ఉండే హాల్లో మా తోటికోడలు ఊరుకునేది కాదు. కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషినీ, "నీకూ ముఖద్వారమేనా?" అని అడిగేది. మొదట్లో నేను దూరంగా వెళ్ళి కూర్చునేదాన్ని, ఆమె ఎవరో నాకు తెలియనట్టు. ఆశ్చర్యం ఏమిటంటే అందరూ జవాబు చెప్పేవాళ్ళు. ఒకరు అత్తకి తెలియకుండా వచ్చామనేవారు, ఒకరు మొగుడు వదిలేశాడనేవారు, ఒకరు ఊళ్ళో కిడ్నీలో రాళ్ళని చెప్పామనేవారు. నా తలనొప్పి గుర్తొచ్చింది.

అక్కడే ఒకమ్మాయి పరిచయమైంది. చీరాల వైపు నేత పని చేసుకునే ఇంటి కోడలు. నలభై కూడా ఉండవు. వాళ్ళాయన మగ్గం దింపేసి ఆమెతోనే ఉండేవాడు. ఆమె కాళ్ళు ఏనుగు కాళ్ళలా వాచి ఉండేవి. చీర కుచ్చిళ్ళు సరిగ్గా కూర్చోవు. నేను ఒకరోజు పిన్నులు పెట్టి సర్దాను. నన్ను పిన్నిగారూ అని పిలిచేది.

"నేను మొదటిసారి చుక్క కనపడిన రోజే మా ఆయనకి చెప్పానండి," అంది. "మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. లోపల పూత, మామూలు పుండే అని మాత్రలిచ్చారు. తగ్గలేదంటే ఇంకో రకం మాత్రలు. ఇంకో ఆసుపత్రికి పోతే స్కానింగు మిషను బాగాలేదన్నారు. అక్కడి నుంచి ఇంకో చోటికి రాశారు. అక్కడ మా దగ్గర కరెంటు లేదు, ఇక్కడికి పొమ్మన్నారు. ఇక్కడికి వచ్చేసరికి మూత్రం గొట్టాలు మూసుకుపోయాయంట. కిడ్నీలు కుదుటపడితే గానీ మందు ఎక్కించరంట. నేను చెప్తూనే ఉన్నాను పిన్నిగారూ. ఎప్పుడూ దాచలేదు. మీరు ఎప్పుడు కనిపెట్టారండీ?"

నేను ఆమె చీర కుచ్చిళ్ళు మళ్ళీ సర్దుతూ తల వంచుకున్నాను. అవి సరిగ్గానే ఉన్నాయి. అంతకు ముందు నాకు తెలిసిన సిగ్గు వేరు. అది ఎవరైనా చూస్తారేమో అన్న సిగ్గు. ఆ రోజు వచ్చినదాన్ని ఏమనాలో తెలియదు. అందరికీ చెప్పుకుని, తలుపు తలుపూ తట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంది. ఏ తలుపూ తట్టకుండా గుడ్డలు కాల్చుకున్న నేను లోపలికి వెళ్ళి కరెంటు పెట్టించుకుంటున్నాను. నా పేరు పిలిచినప్పుడల్లా ఆమె, "వెళ్ళి రండి పిన్నిగారూ," అనేది.

కరెంటు సగం అయ్యేసరికి విరేచనాలు పట్టుకున్నాయి. అవుతాయని ముందే చెప్పారు. ఒకరోజు తిరుగు బస్సులో ఊరు ఇంకా చాలా దూరం ఉందనగా పట్టలేకపోయాను. చెప్పడానికి కూడా నోరు రాక మా తోటికోడలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె లేచి, "బస్సు ఆపయ్యా," అంది. డ్రైవరు స్టాపు లేదన్నాడు. "స్టాపు లేకపోతే ఏం, ఆడమనిషికి బాగాలేదు, ఆపు," అంది. ఆపాడు. రోడ్డు పక్కన పత్తి తీసేసిన చేను. మోడులు కూడా పీకేశారు, చాటు లేదు. ఆమె పై కొంగు విప్పి రెండు చేతులతో చాపి నాకు అడ్డంగా నిలబడింది, జాకెట్టుతో, బస్సంతా చూస్తుండగా. చీర పాడైంది. వెనక్కి ఎక్కేటప్పుడు నేను ఎవరి మొహమూ చూడలేదు. మెట్ల దగ్గరి సీటులో కుర్రాడు ఎవరో లేచి నిలబడ్డాడు. అక్కడ కూర్చుంటే సీటు పాడవుతుందని నిలబడే ఉన్నాను. కండక్టరు పాత దినపత్రిక తెచ్చి సీటు మీద పరిచి, "కూర్చోండమ్మా," అన్నాడు. ఆ రాత్రి ఇక వెళ్ళనని మొండికేశాను. మర్నాడు ఆమె ఇంకో చీర సంచిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. వెళ్ళాను.

ఎండలు ముదిరేసరికి వైద్యం అయిపోయింది. వాసన పోయింది. రక్తం ఆగిపోయింది. నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు. ఊళ్ళో అప్పటికే అందరికీ తెలుసు. మండలం ఆసుపత్రి గుమ్మంలో విన్న ఆ ఇద్దరి నోళ్ళు ఊరుకుంటాయా. ఒకావిడ కుట్టకుండా ఉన్న జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకెళ్ళింది, తొందరేం లేదులే అని. ఇంకొకామె నేనిచ్చిన మంచినీళ్ళు తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది. పాస్టరమ్మగారు మాత్రం కూటంలో నా జబ్బు పేరెత్తి, గట్టిగా, స్తుతి చెల్లించారు. ఆమె మంచి మనసుతోనే చేశారు. నేను మాత్రం నేల చీలితే బాగుండుననుకున్నాను.

మూడో నెల చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ నేత అమ్మాయి కోసం హాలంతా వెతికాను. కనపడలేదు. ఆమె ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే వాళ్ళాయన ఎత్తాడు. వెనక మగ్గం చప్పుడు వినపడుతోంది. నా గొంతు గుర్తుపట్టి, "పిన్నిగారా," అన్నాడు. మగ్గం ఆపాడు. కరెంటు నాలుగుసార్లు పెట్టారట. ఆ పైన తట్టుకోలేకపోయిందట. "మీకు నయమైందాండీ?" అని అడిగాడు.

అవునని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ వానల కాలంలో మండలం ఆసుపత్రి వాళ్ళు మా బడిలో ఆడవాళ్ళకి పరీక్షలు పెట్టారు. అప్పటి చిన్న డాక్టరమ్మే వచ్చింది. ముప్పై దాటిన వాళ్ళంతా రావాలని నర్సమ్మ ఇంటింటికీ తిరిగింది. ఎవరూ కదల్లేదు. నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. మైకు పట్టుకునే ధైర్యం నాకు లేదని చెప్పాను. నిజంగానే లేదు. కానీ పక్కింటి తలుపు కొట్టగలను కదా అనుకున్నాను. మా తోటికోడలి దగ్గరికి వెళ్ళాను.

"పద అక్కా, చూపించుకుందువు."

"నాకెందుకే? నాకేం లేదు."

"మీ అమ్మకి ఉంది."

"అయితే? అది అంటుకునేదా?" అని చేట తీసుకుని బియ్యం చెరగడం మొదలుపెట్టింది. చెరిగిన బియ్యమే మళ్ళీ చెరుగుతోంది. బస్సులో, హాల్లో, కనపడ్డవాళ్ళందరికీ ముఖద్వారం గురించి చెప్పిన మనిషి. కాసేపటికి తల ఎత్తకుండానే అంది, "ఆ పిల్ల డాక్టరు ముందు నేను గుడ్డలిప్పి పడుకోలేనే. మీ బావ ముందు కూడా దీపం ఆర్పకుండా ఎప్పుడూ..."

ఆమె సిగ్గుపడటం నేను అదే మొదటిసారి చూడటం. నేను నవ్వలేదు. చేట తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లేపాను. దారిలో ఇద్దరు ముగ్గురు అడిగారు ఎక్కడికని. నేనే చెప్పాను, గర్భసంచి పరీక్షకని. వాళ్ళల్లో ఒకామె చెప్పులేసుకుని మాతో బయల్దేరింది. మిగతావాళ్ళు రాలేదు.

బడి గదిలో బల్లలు కలిపి చుట్టూ పాత చీరలు కట్టారు. తెర లోపల నేను ఆమె తల దగ్గర నిలబడ్డాను. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. నా మణికట్టు పట్టుకున్న చెయ్యి, అన్నేళ్ళు మిరపకాయ కోసిన చెయ్యి, చల్లగా ఉంది. డాక్టరమ్మ మందు పూసి చూసి, ఒకచోట చిన్న తెల్ల మచ్చ ఉందని, ఇంకా ఏమీ కాలేదని, కానీ ఊరుకోకూడదని చెప్పింది. పరీక్షకి ముక్క తీసింది. మర్నాడే ఆసుపత్రికి రమ్మని అక్కడ ఆ మచ్చ కాల్చేసింది. గంటలో ఇంటికి వచ్చేశాం. ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో భయపడేదేమీ లేదు.

మచ్చ కాల్పించుకుని వచ్చిన రోజు ఆమె పొయ్యి కూడా వెలిగించలేదు. సాయంత్రం నేను గోంగూర పచ్చడి, అన్నం పట్టుకుని వెళ్తే గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పళ్ళెం పక్కన పెట్టి కూర్చున్నాను. అటు తిరిగే అడిగింది.

"అన్నిసార్లు ఎట్లా పడుకున్నావే ఆ బల్ల మీద?"

"సిగ్గుపడుతూనే పడుకున్నానక్కా," అన్నాను.

ఆమె లేచి కూర్చుని అన్నం కలుపుకుంది. పచ్చట్లో ఉప్పు తక్కువైందని చెప్పింది. నేను ఉప్పు తేవడానికి లేచాను.